రెండెకరాల కౌలూ మూడొందల క్లిక్కులూ

మా అక్కను కడియం దగ్గర ఇచ్చారు. బావగారిది మొక్కల నర్సరీ. మా వైపు బ్రాడ్‌బ్యాండు వచ్చిన కొత్తల్లో రాజమండ్రి ఏజెంటు ఒకాయన బావగారి చేత ఇంటర్నెట్టులో ప్రకటన పెట్టించాడు. ఎవరైనా మొక్కల కోసం వెతికితే అన్నిటికంటే పైన బావగారి నర్సరీ కనబడుతుంది. కనబడినందుకు ఖర్చు లేదు. దాని మీద క్లిక్ చేస్తేనే, ముందుగా కట్టిన సొమ్ములోంచి కొంత తెగుతుంది. నెల తిరిగేసరికి ఏజెంటు లెక్క కాగితం తెచ్చాడు: మూడు వందల పన్నెండు క్లిక్కులు.

బావగారు దానికి లామినేషన్ చేయించారు.

"మూడొందల మంది మన గుమ్మం తొక్కారు బావా! పక్కన రెండెకరాలు కౌలుకి తీసేసుకుంటన్నాను. మూఢం రాకముందే అడ్వాన్సు ఇచ్చెయ్యాలి," అన్నారు.

నేను రైసుమిల్లులో గుమాస్తాని. చదువు పదో తరగతితో ఆగింది కాని లెక్కలు ఆగలేదు. శాతాలూ సగటులూ పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకని, గుమ్మం తొక్కినవాళ్ళలో ఎందరు మాట్లాడారని అడిగాను.

"ఫోన్లు అయిదొచ్చాయి. ఒకటి రాంగ్ నంబరు."

మూడొందల మంది వచ్చిన సంతలో నలుగురే నోరు విప్పారంటే, మిగతావాళ్ళు అసలు వచ్చారా అని నాకు అనుమానం. ఏజెంటుని అడిగితే నవ్వాడు.

"కంప్యూటరు అబద్ధం ఆడదండి."

"ఆడదు సరేనండి. మా మిల్లులో కాటా మాదే. అయినా రైతు పక్కన నిలబడి ముల్లు చూసుకుంటాడు. ఇక్కడ డబ్బు తీసుకునేదీ మీరే, క్లిక్కులు లెక్కపెట్టేదీ మీరే. ముల్లు ఎవరు చూడాలండి?"

ఆ ముల్లేదో నేనే చూద్దామని లెక్క కాగితం ముందేసుకున్నాను. కాగితం మీద ఊళ్ళ వివరం ఉంది. సగం పైగా రాజమండ్రి, కాకినాడ, భీమవరం, సామర్లకోట. గులాబీ మొక్క కావాలంటే రాజమండ్రి మనిషి ఆటో ఎక్కి కడియం వస్తాడు కాని ఇంటర్నెట్టులో వెతుకుతాడా? ప్రకటన వేసే కంపెనీ దొంగ లెక్క రాస్తోందని తేల్చుకుని మూడు పేజీల ఉత్తరం రాశాను. బావగారి సంతకం ఒక్కటే తక్కువ.

ఆ ఆదివారం అక్కా బావగారూ అన్నవరంలో వ్రతం చేసుకున్నారు. ప్రసాదం తిని సత్రం వరండాలో కూర్చున్నాం. భీమవరంలో మేష్టారుగా పనిచేసే మామయ్య నన్ను పిలిచాడు.

"ఏవోయ్, మీ బావ ప్రకటన ఎలా ఉంది? పొద్దున్నే కాఫీ తాగగానే ఓసారి నొక్కుతున్నాను."

"ఒక్కసారేనా అన్నయ్యగారూ?" అంది కాకినాడ పిన్ని. "మా ఇంట్లో ముగ్గురం, తలో రెండు."

సామర్లకోటలో ఉండే నా తోడల్లుడు అందుకున్నాడు. "మా ఆఫీసులో నాలుగు కంప్యూటర్ల మీదా నొక్కించానండి. మనోళ్ళది కదా!"

నేను అక్క వైపు చూశాను.

"అలా చూస్తావేంట్రా? ప్రకటన పెట్టామని అందరికీ ఫోన్ చేసి చెప్పాను. పెళ్ళికి పిలిస్తే వచ్చి అక్షింతలు వేసి వెళ్ళరూ? ఇదీ అంతే. పిలిచాక నొక్కకపోతే బాగుంటుందా?"

నేను నోటుపుస్తకం తీసి, పెళ్ళిలో చదివింపులు రాసినట్టు ఒక్కొక్కరి క్లిక్కులూ రాసుకోవడం మొదలుపెట్టాను. అక్కడే పొరపాటు చేశాను. రాస్తున్నానని తెలియగానే అందరివీ పెరిగాయి. పిన్ని ఇంటి లెక్క ఆరని విన్న మామయ్య, "నాది రోజుకి నాలుగు వేసుకో. సెలవుల్లో ఇంకా ఎక్కువే," అన్నాడు. కూడితే అయిదు వందల నలభై వచ్చింది. కంపెనీ డబ్బు తీసుకుంది మూడు వందల పన్నెండుకే! ఒకే మనిషి వెంటవెంటనే నొక్కితే కొన్నిటిని లెక్కలోంచి తీసేస్తారని ఏజెంటు తరవాత చెప్పాడు. ఉత్తరం చింపేశాను.

ఇక ఒకటే దారి. చుట్టాలు మానేస్తే మిగిలేది అసలు లెక్క.

"నొక్కండని చెప్పిన నోటితో మానండని ఎలా చెప్పనురా? మామయ్యకి కోపం వస్తే మళ్ళీ మన గడప తొక్కడు," అంది అక్క.

"ఎల్లుండి నుంచి మూఢం కదా. అది చెప్పు."

అక్క ముఖం విప్పారింది. మూఢంలో నొక్కకూడదట అని అందరికీ చెప్పింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. పిన్ని మాత్రం, "ఊరికే చూడ్డానికి పర్లేదా?" అంది.

చుట్టాల లెక్క విన్నాక, మూఢంలో ఎలాగూ అడ్వాన్సు ఇవ్వరు కనుక బావగారు కూడా ఆగారు. "మూఢం వెళ్ళేలోగా తేల్చు బావా. వెళ్ళిన మర్నాడు ఆ పొలం రైతుకి మాట చెప్పాలి," అన్నారు.

మొదటి వారం మొత్తం పదకొండు క్లిక్కులు. వెళ్ళి చెప్పాను. బావగారు మొక్కలకి నీళ్ళు పెడుతున్నారు.

"పదకొండా? పర్లేదు. అసలు సిసలువి కదా!"

చెప్పక తప్పలేదు. "అందులో ఏడు నావండి."

"నీవా?"

"ప్రకటన పనిచేస్తోందో లేదోనని రోజూ మిల్లుకెళ్ళే ముందు నెట్ సెంటర్లో..."

వంటింట్లోంచి అక్క నవ్వు వినబడింది. "చుట్టాలందరూ మూఢం పాటిస్తే నువ్వొక్కడివే నొక్కావుట్రా!"

బావగారు నీళ్ళ గొట్టం కింద పెట్టారు. "అయితే నాలుగు."

"నాలుగండి. అందులో ఒకరు ఫోన్ చేసి రెండొందల క్రోటన్ మొక్కలు అడిగారట కదా. నలుగురిలో ఒకరంటే ప్రకటన మంచిదేనండి. మనుషులే తక్కువ."

ఆయన మళ్ళీ గొట్టం అందుకున్నారు. 

మూఢం వెళ్ళిన మర్నాడు నన్ను వెంటబెట్టుకుని రైతు ఇంటికి వెళ్ళారు. రోడ్డు వైపు ఇరవై సెంట్లు చాలన్నారు.

"అదేంటండి? మొన్న రెండెకరాలన్నారు కదా!"

"అప్పుడు మా చుట్టాలతో కలిపి లెక్కేసుకున్నానండి," అన్నారు బావగారు.