బూడిద పెట్ట కింద పాత పత్తి

అబ్బే, కోడికి బుర్ర లేదంటే నేనొప్పుకోనండి... చోటు మారిస్తే దానికి తెలిసిపోతుంది.

మా చిన్నప్పుడు ముందుగది నిండా పత్తి రాశి ఉండేది. చేలో తీసిన పత్తి అమ్మేదాకా అక్కడే. ఆ రాశి మీద గుంట చేసుకుని మా బూడిదరంగు పెట్ట పొదుగుకి కూర్చుంది... కింద తొమ్మిది గుడ్లు. తెల్లటి మబ్బులో కూర్చున్నట్టు, కళ్ళు సగం మూసుకుని ఉండేది. నేను బడి ఎగ్గొట్టి దాని పక్కనే పడుకునేవాణ్ణి. మనుషుల ముందు నాకు నోరు పెగిలేది కాదు. దాంతోనే నా కబుర్లన్నీ.

ఒకరోజు నాన్న అన్నాడు. "రేపు పొద్దున్నే పత్తి కాటా వేస్తార్రా. ఆ పెట్టని లేపు. లేవకపోతే గుడ్లు అట్టేసుకుందాం."

నవ్వుతూనే అన్నాడు కానీ... నేను నిజమే అనుకున్నాను.

మధ్యాహ్నం మిరప బస్తాల వెనక, పిల్లికి అందని మూల, గంపలో గడ్డి పరిచాను. గుడ్లన్నీ అందులో పెట్టి, పెట్టని తెచ్చి కూర్చోబెట్టాను. ఒక్క గెంతు... మళ్ళీ పత్తి మీదే! ఖాళీ గుంటలో, గుడ్లున్నట్టే ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. మూడుసార్లు తెచ్చాను. మూడుసార్లూ నా చెయ్యి పొడిచి పారిపోయింది. ఓ గుడ్డు చెంపకి ఆనించి చూస్తే... చల్లబడుతోంది.

ఆ గుడ్డు పట్టుకుని పెరట్లో ఏడుస్తుంటే, పక్కింట్లో పరుపులు కుట్టే హుస్సేన్‌బీ పెద్దమ్మ గోడ మీంచి చూసింది.

"ఏరా మూగన్నా, కోడితో కుస్తీయా?"

చెప్పాను...

"పట్టపగలు మారుస్తారంట్రా ఎవరన్నా! ముందు ఆ గుడ్లు దాని కిందే పెట్టు. దీపాలు పెట్టే వేళకి అన్నీ కలిపి మారుద్దువుగాని. గడ్డి తీసేసి, అది కూర్చున్న పత్తే గంపలో వెయ్యి. దాని ఒంటి వాసన ఉంటది."

"అది నాన్న అమ్మే పత్తి పెద్దమ్మా..."

"అయితే అడుగు. అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

గుడ్లన్నీ మళ్ళీ దాని కిందే పెట్టి, సాయంత్రం నాన్న చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా గుమ్మం దగ్గర నిలబడ్డాను. "నాన్నా... కొంచెం పత్తి... పెట్టకి..." అంతే వచ్చింది.

నాన్న నా చేతి మీది గాట్లు చూశాడు. పెట్టని మెల్లగా ఎత్తి నాకిచ్చి, గుంటలోని పత్తిని వెచ్చవెచ్చగా తీసి గంపలో పరిచాడు. గుడ్లు తనే సర్దాడు. పక్కన ఓ ఎండుమిరపకాయ, బొగ్గుముక్క, ఇనప మేకు పెట్టాడు... దిష్టి తగలకుండా, ఉరుముకి గుడ్లు చెడిపోకుండా.

చొక్కా కప్పి పెట్టని దింపాను. మిరప ఘాటుకి తుమ్మొస్తోంది... ముక్కు గట్టిగా మూసుకున్నాను. పెట్ట అటూ ఇటూ చూసింది. ముక్కుతో ఒక్కో గుడ్డునీ పొట్టకిందికి లాక్కుంది. కొర్ర్... అని సర్దుకుంది.

అప్పుడు తుమ్మాను. కదల్లేదు!

పొద్దున పత్తంతా లారీ ఎక్కి వెళ్ళిపోయింది. గంపలో ఉన్నదే మిగిలింది. దాని మీదే తర్వాత ఏడు పిల్లలు పెంకు పగలగొట్టుకుని వచ్చాయి... పత్తిపోచలు అంటించుకుని.

ఇప్పుడు పత్తి చేలోంచే ఆటో ఎక్కి పోతోంది. ఇంట్లో పెట్టలూ లేవు. నేను మార్టూరులో రాళ్ళ పాలిష్ పనికొచ్చాను. వచ్చేటప్పుడు అమ్మ పాత చీరల బొంత నా సంచిలో కుక్కుతుంటే "అక్కడ దుప్పట్లిస్తారమ్మా" అని విసుక్కున్నాను. వినలేదు. మొదటిరోజు పనయ్యాక, ఒంటి నిండా రాతిపొడితో, ఆ బొంత పరిచి ముఖం ఆనించాను... మా ఇంటి మిరప ఘాటు. తుమ్మొచ్చింది. అలాగే కదలకుండా పడుకున్నాను.

మరి మీరు చోటు మారినప్పుడు... మీ కింద ఎవరు, ఏం పరిచారు?