ఓడ చుట్టరికం

మొన్న మా అబ్బాయి లంబాసా నుంచి స్టీమరులో సువా వచ్చాడు. దారిలో ఎవరో పెద్దాయనతో తెగ స్నేహం కలిసిందట, ఆయన డబ్బాలో మురుకులన్నీ వీడే ఖాళీ చేశాడట. ఆయన పేరేమిట్రా అంటే తెలీదన్నాడు. ఎవరి తాలూకురా అంటే దానికీ తల అడ్డంగా ఊపి, "ప్రయాణంలో పరిచయాలు ప్రయాణంతోనే సరి నాన్నా" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఈ ఫిజీ దేశంలో ఆ మాట అనకూడదు. ఒకసారి అన్నందుకు నేనెంత సిగ్గుపడ్డానో వాడికి చెబుదామంటే వాళ్ళమ్మ పక్కనే కూర్చుని ఉంది. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

గిర్మిట్, అంటే కూలీల అయిదేళ్ళ ఒప్పందం, ఇంకా నడుస్తున్న రోజులవి. మద్రాసు నుంచి కూలీలను తెచ్చే ఓడల్లో నేను కాంపౌండరును. ఆ ఏడు మా ఓడ ఏదో మరమ్మతుకని సువా రేవులో పడి ఉంది. ఒడ్డున నాకు పనీ పాటా లేదు. అప్పుడే ఒక వడ్రంగితో స్నేహం కుదిరింది. మా విశాఖపట్నం వైపువాడే. మీసాలు రాకముందే తల్లితోనూ చెల్లెలితోనూ ఓడెక్కి వచ్చాడు. తల్లి గిర్మిట్ తీరాక కూలీల లైన్లలోంచి బయటపడి, వాయినికోరోలో కొంచెం భూమి కవులుకు పుచ్చుకుని చెరుకు వేసుకుంటున్నారు. వీడు సువాలో పని చేసుకుంటూ ఇంటికి వెళ్ళి వస్తూ ఉండేవాడు. ఒకసారి మా ఊరు రారాదూ, మా అమ్మ చేపల పులుసు పెడుతుంది, అని పట్టుబట్టాడు. మన దేశం నుంచి వచ్చిన మనిషిని చూడాలని వాళ్ళకూ ఉంటుంది పాపం అనుకుని, ఏదో ఉపకారం చేస్తున్నవాడిలా ఒప్పుకున్నాను. ఆ వయసులో నాకు నా మీద మంచి అభిప్రాయం ఉండేది.

లంబాసా దాకా స్టీమరు, అక్కణ్ణుంచి కొంత దూరం చెరుకు బళ్ళు లాగే చిన్న రైలు, ఆ పైన గుర్రం. స్నేహితుడు నా కోసం ఎవరినో బతిమాలి గుర్రం తెచ్చాడు. నేను అంతకు ముందు ఎక్కిన జంతువు లేదు. ఎండకు మాడి, ఎర్రదుమ్ము మింగి, వాళ్ళ వాకిట్లో దిగేసరికి కాళ్ళు దగ్గరికి రాలేదు. ఎడంగా నడుస్తూ నూతి దగ్గరికి వెళ్తుంటే తడిక వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు వినబడింది. "గుర్రం దిగినా మనిషింకా గుర్రం మీదే ఉన్నాడురా అన్నా!" తల్లి ఉష్షుమంది. నాకు కోపం రావలసింది. రాలేదు సరికదా, ఆ గొంతు మళ్ళీ వినబడుతుందేమోనని కాళ్ళు కడుక్కోవడానికి చాలాసేపు పట్టించాను.

గడ్డి కప్పిన ఇల్లు, వెదురు తడికలు, పేడతో అలికిన అరుగు. నా కోసం కొత్త చాప పరిచారు. చుట్టుపక్కల పొలాల పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. ఒకాయన పెద్ద కొయ్య గిన్నెలో యంగోనా వేరు పొడి నీళ్ళతో కలిపి కొబ్బరిచిప్పతో అందరికీ అందిస్తున్నాడు. నాకూ ఇచ్చాడు. నాలుక మొద్దుబారింది. ఎందరన్నదమ్ములు, తల్లి ఉందా, కల్లు తాగుతావా, ఎప్పుడైనా పెద్ద జబ్బు చేసిందా అని ఒకరి తరవాత ఒకరు అడిగారు. నేను కోర్టులో సాక్షిలా, ఆ మాటకొస్తే ఇంకా ఉత్సాహంగా జవాబులు చెప్పాను. పసుపు పచ్చ చీర కట్టి, తలలో మందారం పెట్టుకుని ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. వడ్డనకూ ఆ పిల్లే వచ్చింది. ఇవన్నీ ఎప్పుడు జరుగుతాయో పసిపిల్లాణ్ణడిగినా చెబుతాడు. నేను మాత్రం దేశం మనిషంటే ఎంత మర్యాద అనుకున్నాను. ఆ పిల్ల నెయ్యి వేస్తూ నా కాళ్ళ వైపు చూసి పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఎందుకు దాచడం, నాకు ఆ పిల్ల నచ్చింది.

నచ్చింది కనకనే ఒళ్ళు తెలియలేదు. తల్లి పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతోంది. నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారని, ఫిజీకి రావడం ఇదే మొదలు కాదన్నాను. పదేళ్ళ కిందట మందుగది సీసాలు కడిగే పనిలో ఒకసారి వచ్చి వెళ్ళానన్నాను.

"ఏ ఓడల వొచ్చినావు బావు?" అని అడిగింది తల్లి.

ఈ దేశంలో కులం అడగరు, ఓడ అడుగుతారు. ఇప్పుడు వచ్చిన ఓడ సంగతి స్నేహితుడు ముందే వాళ్ళకు చెప్పి ఉన్నాడు. ఆ పాత ఓడ మాట నేను వాడితో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు దాని పేరు గర్వంగా చెప్పాను. విసనకర్ర ఆగిపోయింది. యంగోనా పోసే ఆయన చేతిలో చిప్ప అలాగే ఉండిపోయింది. ఏ నెలలో దిగావని తల్లి మళ్ళీ అడిగింది, చెప్పాను. ఆవిడ విసనకర్ర పక్కన పెట్టి, ఎంగిలి చేత్తో ఉన్న నన్ను దగ్గరికి లాక్కుని, "ఓరి నా ఓడబిడ్డా!" అని గొల్లుమంది. పెద్దలు ఒక్కొక్కరే లేచి నా తల నిమిరి వెళ్ళిపోయారు. నెయ్యి గిన్నెతో లోపలికి వెళ్ళిన పిల్ల మళ్ళీ రాలేదు. నా మాటకారితనానికి అందరూ కరిగిపోయారనుకుని, నేను రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నాను. ఆ పులుసు తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

మర్నాడు పొద్దున చెరుకు గట్టు మీద పళ్ళు తోముకుంటూ స్నేహితుడు అసలు సంగతి చెప్పాడు. "సెల్లిని నీకిద్దారనుకున్నాం. ఇంకవదు గురూ. ఒక్క ఓడల వొచ్చినోల్లం జహాజీలం, ఓడ సుట్టాలం. నువ్వు దానికి అన్నవి." నేను నవ్వాను. వాడు నవ్వలేదు. ఇదేం చుట్టరికమయ్యా, ఎక్కడా వినలేదే అన్నాను. తనకు చెప్పి లాభం లేదనీ, తల్లితో చెప్పుకోమనీ అన్నాడు. చెప్పగలననే అనుకున్నాను. నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి గదా.

ఆవిడ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. నేను ఎదురుగా కూర్చుని ప్లీడరులా వాదించాను. రక్తసంబంధం వేరన్నాను. ఆ ఓడలో వందలమంది ఉన్నారనీ, నేను పైన మందుగదిలో, వాళ్ళు కింద అడుగున ఉన్నామనీ, ఒకరి ముఖం ఒకరు చూసినదే లేదనీ చెప్పాను. మీ అమ్మాయిని బాగా చూసుకుంటానన్నాను. చివరికి ఆ మాట కూడా అనేశాను: "ప్రయాణంలో పరిచయాలు ప్రయాణంతోనే సరి, అమ్మగారూ."

చేట ఆగింది.

"నీకు సదువుంది బావు, నాకు నేదు. మా ఆయన నడిసంద్రంల పోనాడు. గోనెగుడ్డల సుట్టి నీటిల ఇడిసేసినారు. మా ఊల్లో మావోల్లకి ఆయన పోనాడని ఈయేల్టికీ తెల్దు. ఓడల ఆడోల్లే నా సుట్టూ కూకోని ఏడిసినారు. నా గాజులు తీసింది ఓడోల్లే, ఈ పిల్లకి బువ్వెట్టింది ఓడోల్లే. అది సుట్టరికం కాదని నువ్వంతే, నా పెనివిటికి ఏడిసినోల్లు ఎవులూ నేనట్టే గదా బావు."

గట్టిగా అనలేదు. లెక్క తెలియని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. ఆ ఓడలో నేనూ ఉన్నాను. ఎవరైనా పోతే మాకు కబురు వచ్చేది. డాక్టరు కిందికి వెళ్ళి వచ్చేవాడు. మేం చేతిలో పేక ముక్కలు కింద పెట్టేవాళ్ళం కాదు. ఆవిడ భర్త ఎలా ఉండేవాడో గుర్తు చేసుకుందామని అక్కడే కూర్చుని ఎంత వెతికినా ఒక్క ముఖమూ అందలేదు. ఏడవనివాణ్ణి, చూడనైనా చూడనివాణ్ణి ఆవిడ బిడ్డా అని కావలించుకుంది. ఆ కౌగిలి వదిలించుకోవడానికా నేను ఇంతసేపు వాదించాను! సిగ్గుతో తప్పయిందమ్మా అని కాళ్ళ మీద పడ్డాను. "నెగు బావు. గంజి తాగి ఎల్లు" అంది. గంజి తాగాను. ఒక్క మెతుకు మిగల్చకుండా తాగాను.

తరవాత ఓడ బాగుపడి వెళ్ళిపోయింది. నేను ఉద్యోగం మానుకుని సువాలోనే మందులు కలిపే పనిలో చేరాను. ఎందుకు ఉండిపోయావని చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. చెరుకు నరికే కాలం ముగిశాక వాయినికోరో నుంచి కబురు వచ్చింది. పిల్ల పెళ్ళి. తండ్రి లేడు కాబట్టి కన్యాదానం అన్న చేస్తాడు. మరి పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయడానికి ఇంకో అన్న కావాలి. ఓడన్న ఉండగా బయటివాణ్ణి పిలవడమేమిటని తల్లి అన్నదట. జ్వరమని కబురు పంపుదామా అనుకున్నాను. వెళ్ళాను.

పెళ్ళికొడుకు ఏటి అవతల చెరుకు రైతు, నెమ్మదస్తుడు. వేరే ఓడవాడని కనబడ్డవాళ్ళంతా నాకు తృప్తిగా చెప్పారు. లైన్లలో నుంచి వచ్చిన ఒక హిందుస్తానీ పంతులు తనకు వచ్చిన మంత్రాలు చదువుతూ నన్ను రమ్మని సైగ చేశాడు. చేటలో పేలాలు తీసుకుని ఆమె పక్కన నిలబడ్డాను. నా మనసులో అన్న అన్నవాడు లేడు. ఆ సంగతి ఆ పందిట్లో నాకొక్కడికే తెలుసు. తొందరగా గుమ్మరించేసరికి సగం పేలాలు చాప మీద ఒలికాయి. ఆమె తల ఎత్తకుండానే, నాకు మాత్రం వినబడేలా, "మెల్లగ పొయ్యన్నా. నువ్వే గాబరా పడితే నాకు దైర్నం ఎవులు సెప్తారు?" అంది.

చేట రెండు చేతులా పట్టుకుని మిగిలిన పేలాలు ఒలకకుండా పోశాను. ఆ పూట అన్నగా నిలబడ్డాను గాని, అన్ననయ్యేసరికి తల నెరిసింది.