మామ ఆపించిన గోలి

మొన్న నిజామాబాద్‌లో మందుల దుకాణం ముందు ఒకాయన "ఈ గుండె గోలి ఏసుకుంటే నీరసమొస్తున్నదని నేనే బంద్ చేసిన" అని గొప్పగా చెబుతుంటే, ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని నడిబజార్లో పట్టుకుని తిట్టాను. ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టి, నలుగురిని నవ్వించడం తప్ప ఇంకో విద్య నేర్వని నన్ను, గుండె గురించి నీకేం తెలుసని అడిగాడాయన. తెలుసు. మా బాపును చూసి నేర్చుకున్నాను.

బాపు బోధన్ దగ్గర షుగర్ ఫ్యాక్టరీలో బాయిలర్ పొయ్యికి చెరుకు పిప్పి ఎగేసేవాడు. నన్ను కన్న అవ్వకు తమ్ముడు, అంటే మా మామ, అదే పొయ్యి దగ్గర పక్కనే పని. రిటైర్ కావడానికి ఒక్క చెరుకు సీజన్ మిగిలి ఉండగా బాపు కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఆయాసం. గుండె రక్తాన్ని సరిగా తోడడం లేదన్నాడు నిజామాబాద్ డాక్టరు. ముందు ఒంట్లో నీరు తీసే మందులిచ్చి వాపు తగ్గించాడు. ఆ తర్వాత బీటా బ్లాకర్ అనే చిన్న గోలి, అందులోనూ సగమే రాసి, గుండె వేగం తగ్గిస్తుందన్నాడు. మా వెంట వచ్చిన మామ లేచాడు. "అసలే బలం లేని గుండెను ఇంకా మెల్లగ చేస్తరా సార్?" డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు: "గుండె అనే ఎద్దు అలసిపోయింది. చెరుకు బండి కదుల్తలేదని ఒళ్లు దాన్ని ముల్లుగర్రతో పొడుస్తనే ఉన్నది. ఈ గోలి ఆ ముల్లుగర్రను గుంజుకుంటది. మొదట్ల నీరసం ఉంటది. రెండు వారాలకోసారి కొంచెం కొంచెం పెంచుదాం. గుణం కనబడాలంటే నెలలు పడ్తది. నన్నడగకుండ ఆపొద్దు." అన్నీ కుదిరితే సీజన్‌కల్లా తేలిక పనిలో చేరొచ్చనీ అన్నాడు. బాపు విన్నది ఆ ఒక్క మాటే.

పది రోజులకు బాపు మా ఇంటి రెండు మెట్లెక్కి కూలబడ్డాడు. మామకు అది చాలు. "ఆవిరి తగ్గితే పిప్పి ఇంకింత ఎగేస్తం గని, ఉన్న మంట సల్లార్పుతమా బావా?" బతుకంతా పొయ్యి ముందు గడిపిన ఇద్దరికీ అంతకు మించిన శాస్త్రం లేదు. గూట్లోని గోలీలు మామ జేబులోకి పోయాయి. బదులుగా గ్లూకోజు నీళ్లు, చిక్కటి చాయ్. మరి నేనేం చేశాను? "బాపూ, నీ బాయిలర్‌కు కొత్త ఇంజినీర్ దొరికిండు" అన్నాను. అందరం నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు పొద్దున బాపు పడుకోలేక, కూర్చోలేక, నోరు తెరిచి గాలిని కొరుకుతున్నాడు. జీపులో నిజామాబాద్ తీసుకుపోయాం. "గోలి ఎవరు ఆపిండ్రు?" గుండె పరుగు చూసి డాక్టరు అరిచాడు. మామ తలెత్తి ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టసాగాడు. బాపు మూతి మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "నేనే ఆపిన సార్" అన్నాడు. ఊపిరాడని మనిషికి బామ్మర్ది పరువు కావాల్సొచ్చింది! ఆ క్షణాన మామ కన్నా బాపు మీదే ఎక్కువ మండింది నాకు.

బతికాడు. కానీ అంతా మళ్లీ మొదటికొచ్చింది: నీరు తీయడం, సగం గోలి, ఆ నీరసం. ఈసారి గోలీలు నా జేబులో ఉన్నాయి. క్రషింగ్ మొదలైందని ఫ్యాక్టరీ సైరన్ కూసిన రోజు బాపు దిండుకు ఆనుకుని విన్నాడు, గోడవైపు తిరిగాడు. నెలలు గడిచాక స్కానింగ్ తీసి, గుండె ముందుకన్నా బాగా తోడుతోందన్నాడు డాక్టరు. ఆ రాత్రి బాపు ఆయాసం లేకుండా వెల్లకిలా పడుకుని గురక పెట్టాడు. మామ మీసం తిప్పాడు: "మా బావది ఇనుప గుండె!" చెప్పు తీయబోయి, అవ్వ మొహం చూసి ఆగాను.

ఎండాకాలంలో బాపు ఎక్కడా ఆగకుండా ఫ్యాక్టరీ గేటు దాకా నడిచాడు, రొప్పింది నేను. అప్పటికి సీజన్ అయిపోయింది, ఆయన రిటైర్మెంటూ అయిపోయింది. పొగగొట్టం ఉత్తగా నిలబడి ఉంది. "నాకు దమ్మొచ్చిందిరా, దానికి పోయింది" అని నవ్వాడు. పోయిన బలాన్ని ఆ గుండె నెలల్లో తిరిగి తెచ్చుకుంది గానీ, ఆ ఒక్క సీజన్‌ను బాపుకు తెచ్చివ్వడం కాలానికి కూడా చేతకాలేదు.