పెద్దమ్మగారు ముందుకు జరిగిన రోజు

1943లో నేను బెజవాడ పక్కనే పటమటలో, రైసుమిల్లు యజమాని రాఘవయ్యగారింట ఆయాగా ఉండేదాన్ని. ఆయా అంటే పిల్లకు నీళ్లు పోసి అన్నం తినిపించే మనిషి అనుకుంటారు. పిల్లను బయటికి తీసుకెళ్లి క్షేమంగా తీసుకురావడం అందులో సగం పని. వాళ్లమ్మాయి చిట్టిని బళ్లో దించడానికి నేను రోజూ నా సొంత జట్కా కట్టేదాన్ని. మా ఆయన పోతూ నాకు మిగిల్చింది ఆ బండీ, సింగడనే గుర్రమూ. ఆడది జట్కా తోలడమేమిటని ఊరంతా వింతగా చూసేది. చూడనీ అనుకునేదాన్ని.

ఆ ఏడు రాఘవయ్యగారు కారు కొన్నారు. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకదు. అందుకని కారు వెనక గ్యాస్ ప్లాంటు పెట్టించారు. అంటే బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను నడిపించే పెద్ద డబ్బా. ఇక పిల్ల కారులోనే తిరగాలనీ, నేను గుర్రాన్ని అమ్మేసి పిల్ల పక్కన కూర్చుంటే చాలనీ, కుదరకపోతే వేరే ఇల్లు చూసుకోమనీ తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. సింగణ్ణి అమ్మేశాక రేపు వీళ్లు పొమ్మంటే నేనేం చూసుకుని బతకను? ఉయ్యూరులో పెళ్లి అయ్యాక చెప్తానన్నాను.

ఆ పెళ్లి ఆయన మేనకోడలిది. పీటల మీద పెళ్లికూతురి పక్కన కూర్చునే తోడిపెళ్లికూతురు మా చిట్టి. వారం నుంచీ దానికి వేరే ధ్యాస లేదు. ముహూర్తం సాయంత్రం. పొద్దున కారెక్కామో లేదో, బొగ్గు పొగకు చిట్టి వాంతి చేసుకుంది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ అదే. రాఘవయ్యగారు విసిగిపోయి, ఈ ఒక్కసారికీ జట్కాలో తీసుకురమ్మన్నారు.

ఆయన తల్లిని అందరం పెద్దమ్మగారు అనేవాళ్లం. ఆవిడ ససేమిరా అన్నారు.

"శుభమా అని పెళ్లికి పోతుంటే విధవ ముందు కూర్చుని తోలుద్దంట్రా?"

"ఎదురొస్తేనే గదండీ శకునం. ముందు కూర్చుంటే కనపడేది నా వీపేగా" అన్నాను.

ఆవిడ మొహం తిప్పుకుని కారెక్కారు.

కంకిపాడు దగ్గర చూద్దును కదా, కారు రోడ్డు పక్కన ఆగిపోయి ఉంది. డ్రైవరూ, రాఘవయ్యగారూ మోచేతుల దాకా మసి పూసుకుని ఆ డబ్బాతో కుస్తీ పడుతున్నారు. నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలూ పడ్డాను. ఆయన తల్లిని జట్కా ఎక్కించారు. ఆవిడ నాకు ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత వెనగ్గా కూర్చున్నారు. వెనక బరువైతే బండి నొగలు పైకి లేస్తాయి, గుర్రం అడుగు వెయ్యలేదు.

"పెద్దమ్మగారూ, ముందుకు జరగండి."

"ఇక్కడ బాగానే ఉందిలే."

"బండి వెనక్కి తిరగబడుద్దండీ. ఇంకా ముందుకు రండి."

జానెడు జానెడు జరగ్గా జరగ్గా, చివరికి ఆవిడ మోకాళ్లు నా వీపుకి ఆనాయి. చిట్టి కిసుక్కున నవ్వింది. సింగడు కదిలాడు.

మేం పెళ్లివారింటికి చేరేసరికి, చిట్టి ఇక రాదనుకుని ఇంకో పిల్లకు జడ వేస్తున్నారు. చిట్టి బండిలోంచి దూకి లోపలికి పరుగెత్తింది. నేను గుర్రం దగ్గరే నిలబడిపోయాను. పెద్దమ్మగారు వెనక్కి తిరిగి చూశారు.

"ఆగిపోయావేం? దారి పొడుగూతా నువ్వే ముందున్నావు. మాకేమైందని? నడు."

నేను ముందు, ఆవిడ వెనక. అంతమంది చూస్తుండగా తలెత్తుకుని పందిట్లోకి నడిచాను. ఆ పూట నన్ను పట్టేవాళ్లు లేరు.

రాఘవయ్యగారు భోజనాల వేళకు చేరారు. వస్తూనే గుర్రానికి మేత పెట్టారా అని అడిగారు. అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

పిల్లల్ని యజమాని బండిలో తిప్పాలా, సొంత బండిలోనా అని కొత్తగా చేరిన ఆయాలు నన్ను అడుగుతుంటారు. యజమాని కారు బాగుంటే ఎక్కండి, నాకేం పంతం లేదు. మీ బండి మాత్రం అమ్ముకోకండి అంటాను. చిట్టి బడి చదువంతా నా జట్కాలోనే సాగింది. పెద్దమ్మగారు కూడా అప్పుడప్పుడూ ఎక్కేవారు. నేను చెప్పకముందే ముందుకు జరిగి కూర్చునేవారు.