డాక్టరమ్మ గాయాల నోటుబుక్కు

మా డాక్టరమ్మ పోయిన మంగళవారం చనిపోయారు. ఆవిడ గాయాల నోటుబుక్కును ఇంటివాళ్లు నాకు కాక, పెర్మిలి అనే అడవి ఊరి నుంచి వచ్చిన నా తోటి నర్సుకు ఇచ్చారు. ఈ ఉక్రోషం నా జ్ఞాపకాలను మార్చేయకముందే ఉన్నది ఉన్నట్టు రాయాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను అంకిస ఊరి పిల్లను, మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని. మరాఠీ రాష్ట్రం అంచున ఉన్న సిరోంచ ఆసుపత్రిలో ఆవిడ దగ్గర చేరిన రోజు మార్కుల కాగితాలు చాపితే, ఆవిడ నా గోళ్లు చూశారు. "గివి తీసేసి రా బిడ్డా. మార్కులు అటెన్క జూస్తా."

తుపాకి గాయంతో ఎవరొచ్చినా ముందు ఊపిరి చూసి, రక్తం ఆపేవారు. తర్వాత నోటుబుక్కులో మనిషి బొమ్మ ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి గీసి, ప్రతి గాయం చోటా మాతో గుర్తు పెట్టించేవారు. "గుండు ఎటొచ్చింది, ఎటువోయింది అని కథలు చెప్పకు. గుండు చేసిన పొక్కలు ఎన్నున్నయి, ఏడున్నయి, గది రాయి. బేసి లెక్కొస్తే గుండు లోపల్నే ఉన్నదేమో ఎతుకు."

ఒకరోజు పందుల వేటలో తోటివాడి తుపాకి గుండు పొరపాటున తగిలిన ఒక గోండు రైతును తెచ్చారు. తొడ ముందు గాయం ఉంది. ఒక్కటేనా అని అతనికి అంతగా రాని మరాఠీలో అడిగాను. "హో" అన్నాడు. ఇంకెక్కడైనా నొప్పా అంటే దానికీ అదే అవును, "హో" అన్నాడు. ఒకటే గాయం అని రాసేశాను. వెనక్కి తిప్పి చూడలేదు.

పెర్మిలి అమ్మాయి గోండీలో ఏదో అడిగింది. అతను సిగ్గుతో మొహం తిప్పుకున్నాడు. "మేడం, గుండు తగిలినప్పుడు దొడ్డికి కూసున్నడట" అంది. తిప్పి చూస్తే పిరుదు మీద ఆకు పసరు కింద రెండో గాయం. పేగుకు చిల్లి పడింది. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు కాబట్టి బతికాడు.

చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ నాతో అన్నారు: "కూసున్నోనికి తగిలిన గుండును పండవెట్టి ఎతికితే ఏం దొరుకుతది? నీకు మార్కులున్నయి. ఆ పిల్లకు చెవులున్నయి."

వారం రోజులు నేను ఆ అమ్మాయి అన్నం డబ్బాలోని తొక్కు పచ్చడి ముట్టలేదు. "ఏందక్కా, నా తొక్కుల గూడ గుండున్నదా?" అని నవ్వింది. నేను నవ్వలేదు. అప్పటినుంచి అడవి ఊళ్లవాళ్లు వస్తే డాక్టరమ్మ ముందు ఆమెనే పిలిచేవారు. నాలాగే కష్టపడి చదివిన పిల్లే. అది ఒప్పుకోవడమే నాకు కష్టం.

నిన్న ఆమె నోటుబుక్కు తెరిచి ఆ రైతు పేజీ చూపింది. తొడ మీది గుర్తు నాది, వెనకది ఆమెది. వాటి కింద డాక్టరమ్మ మోకాళ్లు మడిచి కూర్చున్న మనిషిని గీసి, రెండు గాయాలనూ ఒకే గీతతో కలిపారు.

నా మనసులో కుళ్లు ఇంకా పోలేదు. కానీ చెల్లీ, ఈ కాగితం నీకే ఇస్తున్నాను. పదిహేనో తారీకున నన్ను ఒక్కదాన్నే మీ పెర్మిలి వైపు వైద్య క్యాంపుకు పంపుతున్నారు. నోటుబుక్కు నీ దగ్గరే ఉండనీ. దెబ్బ తగిలినప్పుడు ఎట్లా ఉన్నావని గోండీలో అడగడం నాకు నేర్పుతావా? పదో తారీకులోపు చెప్పు.