గట్టి తోలుబిళ్ళ

మొన్న ఒక కొట్టులో తోలు వాసన తగలగానే, చోడవరంలో నాన్న చెప్పులు కుట్టే చోటు గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో ఒక శనివారం, బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడే సూరిబాబు తన కర్ర తెచ్చి, బంతిని కొట్టే కొసకు తోలుబిళ్ళ అతికించమన్నాడు. నాన్న రెండు ముక్కల్ని గోటితో నొక్కి చూసి, గట్టిది ఎంచాడు.

"మెత్తదైతే రెండాటలకే అణిగిపోతాది, బాబూ."

నాకు భయమేసింది. పూల్ ఆడే చోట పందేలు కాస్తారని, అది పాపమని చర్చిలో ఆదివారం బడిలో విన్నాను. మర్నాడు చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. నాన్న సంఘ పెద్ద. ఆ కర్ర ముట్టినందుకు ఆయనకు రొట్టె ఇవ్వరేమో!

సూరిబాబు టీకి వెళ్ళగానే ఏడ్చాను. "వద్దు నానా! రేపు నీకు బల్ల ఇవ్వరు."

"ఒసే గుంటా, తోలుముక్క ఏటి పాపం సేసిందే?" అని నవ్వాడు. నేను ఏడుపు ఆపలేదు. చివరికి, "రెండాటలకే అణిగిపోతాది, ఇంక పందేలాడలేడులే" అని మెత్తటి ముక్కే అతికించాడు.

సూరిబాబు తిరిగొచ్చి, "గట్టిదే ఏసేవా?" అన్నాడు.

నాన్న నా వైపు చూశాడు. "గట్టిదే, బాబూ."

మర్నాడు రొట్టె పళ్ళెం నాన్న దాకా వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఆయనే ముట్టకుండా పక్కవారికి అందించాడు.

ఆ కర్ర ముట్టినందుకే ఆయన రొట్టె తీసుకోలేదని చాలా ఏళ్ళు నమ్మాను; సూరిబాబుతో ఆడిన అబద్ధం వల్లని తర్వాత అర్థమైంది. నా ఏడుపు మాన్పడానికి నాన్న ఆడిన అబద్ధాన్ని, ఇప్పుడు ప్రభువు బల్ల ముందు నా పాపంగా ఒప్పుకుంటున్నాను.