క్యాచర్ ఫొటోకు బొట్టు

దయ్యం సినిమా పెడితే సగంలోనే గురక పెట్టే మనిషిని నేను. దిష్టి తీస్తానని అమ్మ ఉప్పు పట్టుకుని వస్తే విసుక్కునేదాన్ని. ఇప్పుడు మారిపోయానని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మాది హనుమకొండ. మాస్టర్స్ కోసం ఇంగ్లండు వచ్చి, చదువయ్యాక పెళ్ళి చేసుకుని హారోలోనే ఉండిపోయాను. ఇక్కడ కరీంనగర్ నుంచి వచ్చిన భాస్కర్ అంకుల్ ఫొటో స్టూడియో నడుపుతారు. ముందు గదిలో పాస్‌పోర్టు ఫొటోలు, వెనక గదిలో పాత ఫొటోలు బాగుచేసే పని. ఆ వెనక గది నాది. చిరిగినవీ మరకలు పడినవీ స్కాన్ చేసి, గీతలు తీసేసి, కొత్త ప్రింటు వేసి ఇస్తాను. కళ్ళు మండడం తప్ప కష్టమేమీ లేని ఉద్యోగం.

పోయిన సంవత్సరం దసరాకు కాస్త ముందు ఇద్దరు అన్నదమ్ములు ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చారు. అన్న డెనిస్, తమ్ముడు లెన్. ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళే. డెనిస్‌కు చూపు సరిగ్గా ఆనదు, అందుకని ఎక్కడికైనా లెనే కారులో తిప్పుతాడు.

పెట్టె నిండా బేస్‌బాల్ ఫొటోలు. ఇంగ్లండులో బేస్‌బాల్ ఏమిటని నేనూ నవ్వాను. ఒకప్పుడు ఇక్కడి ఫ్యాక్టరీల్లో కార్మికులకు జట్లు ఉండేవట. వీళ్ళ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, ఆ స్థలంలో ఇప్పుడు ఫ్లాట్లు ఉన్నాయి. మిగిలిన పాతవాళ్ళంతా కలిసి చర్చి హాల్లో ఫొటోల ప్రదర్శన పెట్టాలనుకున్నారు.

జట్టులో డెనిస్ బంతి విసిరేవాడు. రాన్ అనే ఆయన క్యాచర్. మన వికెట్ కీపర్ లాంటివాడే, కాకపోతే బ్యాట్ పట్టినవాడి వెనక గొంతుకూర్చుని, మొహానికి ఇనుప తీగల మాస్కు పెట్టుకుంటాడు. ఒకసారి ఫైనల్ మ్యాచ్‌లో డెనిస్ విసిరిన బంతి రాన్ కాళ్ళ మధ్య నుంచి జారిపోయింది. అవతలి జట్టువాడు పరుగు పూర్తి చేశాడు, కప్పు పోయింది. సరిగ్గా ఆ క్షణాన్ని ఎవరో ఫొటో తీశారు. బంతి దూరంగా దొర్లిపోతోంది. రాన్ మాస్కు ఊడబీకి చేత్తో పట్టుకుని బంతి వైపు చూస్తున్నాడు. నిండా ఇరవై ఏళ్ళు లేని కుర్రాడు, ఏడుపు ఆపుకుంటున్నాడని తెలిసిపోతోంది.

ఆ ఫొటోను డెనిస్ జీవితాంతం వాడుకున్నాడు. రాన్ పెళ్ళికి దాన్నే ఫ్రేము కట్టించి ఇచ్చాడట. ప్రతి పుట్టినరోజుకూ ఒక కాపీ పోస్టులో పంపుతాడట. ఇదంతా నాకు నవ్వుతూ చెప్పాడు. రాన్ ఇప్పుడు స్టాన్‌మోర్ దగ్గర కేర్ హోమ్‌లో ఉన్నాడు. ప్రదర్శన రోజున వీల్‌చెయిర్‌లో తెప్పించి ఈ ఫొటో ఎదురుగా కూర్చోబెట్టాలని డెనిస్ కోరిక. అందుకే గోడంత పెద్దది కావాలన్నాడు. బంతి బాగా కనపడాలి, ఏడుపు ఇంకా బాగా కనపడాలి అన్నాడు.

మొదటి రోజే ఆ మనిషంటే నాకు ఒళ్ళు మండింది. లెన్ వేరు. వచ్చినప్పుడల్లా బిస్కెట్ల డబ్బా తెచ్చేవాడు. మా అమ్మ మోకాలి ఆపరేషన్ గురించి ఒకసారి మాటల్లో అన్నాను. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా ముందు ఆమె నడుస్తోందా అని అడిగేవాడు.

ఇక ఆయుధ పూజ. అంకుల్ ఆ రోజు షాపులో దేనినీ వదలరు. కెమెరాలు, స్కానర్, ప్రింటర్, చివరికి కార్డు మెషీన్‌కు కూడా పసుపు రాసి కుంకుమ పెడతారు. అలా పెట్టుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చారు. పైన ప్లాస్టిక్ కవర్లో ఒక ఫొటో ఉంది. భుజం మీద బ్యాటు పెట్టుకుని నిలబడ్డ మనిషి.

"పాపం, ఎన్నేండ్ల కిందటివో. వీళ్ళంత ఎప్పుడో పోయుంటరు," అన్నారు.

"కస్టమర్ ఫొటో అంకుల్, ముట్టకండి."

"కవర్ మీదనే పెడ్తున్న బిడ్డా. పండుగపూట పెద్దమనుషులకు ఒక బొట్టు పెడ్తే మనదేం పోతది?"

మన ఇళ్ళలో ఫొటోకు బొట్టు పెట్టారంటే ఆ మనిషి లేడని లెక్క. బతికున్నవాళ్ళ ఫొటోకు ఎవరూ పెట్టరు. అంకుల్‌కు ఇది తెలియక కాదు. నలుపు తెలుపు ఫొటో కనిపిస్తే చాలు, అందులోవాళ్ళు పోయారనే ఆయన అనుకుంటారు. నేనూ పట్టించుకోకుండా నా పనిలో పడ్డాను.

తర్వాతి వారం అన్నదమ్ములు వచ్చారు. తమ జట్టులో ఆడిన వాల్టర్ పోయాడని లెన్ చెప్పాడు. బాత్‌రూమ్‌లో కాలు జారి సింకుకు తల కొట్టుకుందట. సంతాప సభకు కావాలి కాబట్టి ముందు వాల్టర్ ఫొటో పూర్తి చేసివ్వమని అడిగాడు. ఏది వాల్టర్ అంటే, బ్యాటు భుజాన పెట్టుకున్న ఆయన్ను చూపించాడు. కవర్ మీద కుంకుమ ఇంకా అలాగే ఉంది. నేను గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను.

లెన్ ఏమీ గమనించలేదు. అన్నకు మందులు తేవాలని పక్కనే ఉన్న ఫార్మసీకి వెళ్ళాడు. డెనిస్ మాత్రం ఫొటోను కళ్ళ దాకా తెచ్చుకుని, ఈ ఎర్రది ఏమిటని అడిగాడు.

అంకుల్ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా భయపడి ఉన్నారు. ఇది మా ఆచారమనీ, పోయినవాళ్ళ ఫొటోకే పెడతామనీ, ఆయన బతికున్నాడని తెలియక పొరపాటు చేశాననీ చేతులు జోడించి చెప్పేశారు. వయసైనవాళ్ళు పడిపోతూనే ఉంటారు, దానికీ దీనికీ సంబంధం లేదని నేను మధ్యలో కల్పించుకున్నాను.

డెనిస్‌కు కోపం రాలేదు. ఆసక్తి కలిగింది. దేవుడి అలమరలో కుంకుమ భరిణె ఉంది. అదేనా అని అడిగి, మేము తేరుకునేలోగా రెండు వేళ్ళతో కుంకుమ తీసుకున్నాడు. ఇంకో చేత్తో పెట్టెలో వెతికి, మాస్కు పెట్టుకుని కూర్చున్న క్యాచర్ ఫొటో బయటికి లాగాడు. దానికి కవరు లేదు. మాస్కు మీద, సరిగ్గా రెండు కళ్ళ మధ్య, వేలితో గట్టిగా అదిమాడు.

"రాన్ సంగతి చూద్దాం," అన్నాడు. ముచ్చటగా నవ్వాడు కూడా.

అంకుల్ ఆ ఫొటో లాక్కున్నారు. "గట్ల చెయ్యద్దు సార్, పాపం," అని తెలుగులోనే అరిచారు. అదే సమయానికి లెన్ మందుల సంచితో లోపలికి వచ్చాడు. అంకుల్ చేతిలోని ఫొటో చూసి కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"అరే, ఇది ఇంకా ఉందా? ఇది నేను," అన్నాడు.

డెనిస్ కాదన్నాడు, అది రానే అన్నాడు. లెన్ వేలు పెట్టి చూపించాడు. రాన్‌ది కుడిచేతి వాటం, గ్లవ్ ఎడమ చేతికి వేస్తాడు. ఇక్కడ గ్లవ్ కుడి చేతికి ఉంది. ఒక మ్యాచ్‌లో రాన్‌కు జ్వరమొస్తే ఎడమచేతివాడినైన నన్ను కూర్చోబెట్టారు, ఒళ్ళంతా దెబ్బలు తగిలాయి, మళ్ళీ ఆ మాస్కు పెట్టలేదు అని చెప్పాడు.

పాత నెగటివ్‌లను తిరగేసి ప్రింటు వేయడం మామూలే. అప్పుడు కుడి ఎడమవుతుంది. అలా అయితే ఇది రానే కావచ్చన్న ఆశతో ఫొటో తీసుకుని దీపం కింద చూశాను. వెనక గోడమీద టీ ప్రకటన అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. అది లెనే.

ఈ ఎర్ర రంగేమిటని లెన్ అడిగాడు. డెనిస్ మాత్రం తమ్ముడి చేతిలోంచి మందుల సంచి తీసుకుని, పోదాం పద అన్నాడు.

వాళ్ళు వెళ్ళగానే ఆ ప్రింటును శుభ్రం చేశాను. గాలి కొట్టి, మెత్తటి బ్రష్‌తో తుడిచి, భూతద్దం పెట్టి చూశాను. ఒక్క రవ్వ కూడా లేదు. అప్పుడు స్కాన్ చేశాను. స్క్రీన్ మీద, నలుపు తెలుపు బొమ్మలో, మాస్కు మీద రెండు కళ్ళ మధ్య ఎర్రటి చుక్క.

అద్దం తుడిచి మళ్ళీ చేశాను, ఉంది. రెండో స్కానర్‌లో చేశాను, అందులోనూ ఉంది. అదే అద్దం మీద పక్కనే పెట్టిన వేరే ఫొటోలకు లేదు. ఫోన్‌తో తీస్తే లేదు. అంకుల్ కూడా చూశారు, కుర్చీలో కూలబడ్డారు. ఇంటికొచ్చి మా ఆయనకు చూపిస్తే సెన్సర్ పాడైందన్నాడు. రెండు స్కానర్లకూ ఒకేచోట ఎలా పాడవుతుందంటే, రెండూ మార్పించమన్నాడు.

లెన్‌కు ఫోన్ చేశాను. నమ్మకం ఉండి కాదు, ఉండబట్టలేక. ఆచారం సంగతి, వాల్టర్ ఫొటో సంగతి, అన్నీ చెప్పి, కొన్నాళ్ళు కాస్త జాగ్రత్తగా ఉండమన్నాను. ఆయన హాయిగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అది పెట్టేటప్పటికి దాని అర్థం డెనిస్‌కు తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. 

"వాడు చిన్నప్పటి నుంచీ అంతే. మీరు దిగులు పెట్టుకోకండి," అన్నాడు. మా అమ్మ ఎలా ఉందని అడిగి ఫోన్ పెట్టేశాడు.

అంకుల్ గుడికి వెళ్ళి లెన్ పేరున అర్చన చేయించారు. పూజారి గోత్రం అడిగితే తన గోత్రమే ఇచ్చారు. నక్షత్రం అడిగితే అదీ తనదే ఇచ్చారు. ఆ ప్రసాదం పొట్లం కట్టి, లెన్ వచ్చినప్పుడు ఇద్దామని కౌంటర్ కింద పెట్టారు. ఇంకో సమయంలో అయితే నేను పగలబడి నవ్వేదాన్ని.

ఆ వారం గడవలేదు. డెనిస్ ఒక్కడే టాక్సీలో వచ్చాడు. లెన్ పోయాడన్నాడు. ఇంటి ముందు పేవ్‌మెంట్ మీద తడి ఆకులకు జారి, ముందుకు పడి, రాతి అంచుకు కొట్టుకున్నాడట. ఎక్కడ తగిలిందో కూడా చూపించాడు. తన వేలు తీసి కనుబొమల మధ్య పెట్టుకున్నాడు.

 అంకుల్ వలవలా ఏడ్చేశారు. డెనిస్ కంట్లో తడి లేదు. కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అంటే అది పనిచేస్తుందన్నమాట. ఆ పొడి ఇంకా ఉందా?"

భరిణెను అంకుల్ ఎప్పుడో ఇంటికి పంపేశారు. లేదన్నాను. ఆయన చూపు నా నుదుటి మీద పడింది. అక్కడున్నది స్టిక్కర్. అయినా చేత్తో కప్పుకున్నాను. తమ్ముడు చచ్చిపోయాడు, మీకు సిగ్గు లేదా, బయటికి నడవండి అని అరిచాను. జీవితంలో ఒక పెద్దాయన మీద అలా గొంతెత్తడం అదే మొదటిసారి. అందుకు నాకు ఏ బాధా లేదు.

ప్రదర్శనకు వెళ్ళకూడదనుకున్నాను. కానీ లెన్ ఫొటో ఒకటి మాస్కు లేనిది దొరికితే బాగుచేసి ఉంచాను. దాన్ని గోడమీద పెట్టించాలని వెళ్ళాను. వాల్టర్ ఫొటో పక్కన పెట్టారు.

మధ్యాహ్నం రాన్‌ను తీసుకొచ్చారు. వెంట కేర్ హోమ్ నుంచి వచ్చిన నర్సు ఉంది. డెనిస్ తానే వీల్‌చెయిర్ తోసుకుంటూ వెళ్ళి ఆ గోడంత ఫొటో ముందు ఆపాడు. ఎదురుగా కుర్చీ వేసుకుని రాన్ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఎదురుచూసింది దీనికే కదా.

రాన్ చాలాసేపు చూశాడు.

"పాపం, ఆ పిల్లాడు ఎందుకు ఏడుస్తున్నాడు?" అన్నాడు.

డెనిస్ గట్టిగా చెప్పాడు, అది నువ్వే, బంతి వదిలేశావు అని. రాన్ మర్యాదగా తల ఊపాడు. ఆయనకు బంతీ గుర్తులేదు, కప్పూ గుర్తులేదు, డెనిస్ ఎవరో కూడా తెలియదు. కొన్నేళ్ళుగా ఆయన ఎవరినీ గుర్తుపట్టడం లేదని నర్సు చెప్పింది. ప్రతి ఆదివారం వచ్చి గడ్డం గీసి, కబుర్లు చెప్పి వెళ్ళే ఒక స్నేహితుణ్ణి తప్ప.

రాన్ డెనిస్ చెయ్యి పట్టుకున్నాడు.

"లెన్ ఏడీ? వస్తానన్నాడే?"

డెనిస్ తలుపు వైపు చూశాడు. రాన్ మళ్ళీ అడిగాడు.

"కారు పార్క్ చేస్తున్నాడు," అన్నాడు డెనిస్.

రాన్‌కు నమ్మకం కుదిరింది. వీల్‌చెయిర్‌ను తలుపు వైపు తిప్పమన్నాడు. డెనిస్ చెయ్యి మాత్రం వదల్లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా, లెనేనా అని అడుగుతున్నాడు. డెనిస్ ప్రతిసారీ కాదని చెబుతున్నాడు. నేను వచ్చేసేసరికి కూడా ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు.

ఎనభై దాటినవాళ్ళు పడిపోవడంలో వింతేముందని మా ఆయన అంటాడు. నిజమే. ఆ స్కాన్ ఇంకా నా దగ్గర ఉంది, చుక్క అలాగే ఉంది. అది ఎలా వచ్చిందో, లెన్‌కు సరిగ్గా అక్కడే ఎందుకు తగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరైన కారణం చెబితే వినడానికి సిద్ధంగా ఉన్నాను.